మారినవి మాత్రమే

నలభై ఒక్క వేల ఆరు వందలు. ఇందాక నలభై ఒక్క వేల తొమ్మిది వందలు, అంతకు ముందు నలభై వేల చిల్లర, అంటే తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికొస్తోంది, దీని మొహం మండ, ఈ అంకె రెండు వేలకు దిగితే తప్ప పని పూర్తి కాదు, పని పూర్తయితే తప్ప ఆ తలుపు తెరుచుకోదు, తలుపు తెరుచుకుంటే తప్ప నేను నా కూతుర్ని చూడలేను. ఒంటిగంట ఇరవై ఏడు. రెండింటికి నా పిచ్చుకా, దాన్ని తీసుకెళ్లడానికొచ్చిన వాళ్ల నాన్నా మా ఇంట్లోంచి బయల్దేరతారు, రెండూ నలభైకి రైలు, ఆ రైలెక్కితే అది ఇక వాళ్ల నాన్న దగ్గరే, ఇదివరకటిలా పదిహేను రోజులు అక్కడా పదిహేను రోజులు ఇక్కడా కాదు, బడి అక్కడే, మంచం అక్కడే, నా దగ్గరికి సెలవులకు వస్తుందట. పదకొండేళ్ల పిల్ల తనే తేల్చి చెప్పింది, నేను అక్కడే ఉంటానని. పొద్దున నేనన్న మాటకు అది నా మొహం కూడా చూడకుండా గదిలోకి వెళ్లి తలుపేసుకుంది, నేనూ తక్కువ తిన్నానా, వీధి తలుపు ధడేల్మని లాగి ఆఫీసుకొచ్చేశాను. ఇప్పుడు ఇంకో తలుపు నా మొహాన పడింది.

నేనెంత తెలివైనదాన్నో తెలియాలంటే గోడకున్న ఆ మేకు చూస్తే చాలు. మా ఆస్పత్రిలో తలుపులన్నీ కార్డుతో తెరుచుకుంటాయి, ఆ తలుపుల్నీ కెమెరాల్నీ నడిపేది ఈ గదిలోని ముసలి మెషిన్, నిన్న సాయంత్రం దాని రెండు ఫ్యాన్లలో ఒకటి చచ్చింది, కాబట్టి లోపలున్నదంతా పక్కనున్న కొత్త మెషిన్‌లోకి ఈ రోజే మార్చక తప్పదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు వరకూ అయితే చూడవచ్చేవాళ్లు ఉండరు, రోగులు కునుకు తీస్తుంటారు, వరండాలు ఖాళీ. ఆ గంటా కార్డులు పనిచెయ్యవు, తాళంచెవులు దగ్గర ఉంచుకోండి అని మూడు అంతస్తుల్లోనూ నోటీసు అంటించింది నేను, కింద సంతకం నాది, కనబడ్డ ప్రతి నర్సునూ ఆపి ఏదీ తాళంచెవి, చూపించు అని ప్రాణం తీసిందీ నేనే. నా బల్ల దగ్గర కూర్చుని పని మొదలుపెట్టాను, పది నిమిషాలకు ముసలిదాని వేడి ఎనభై దాటింది, ఈ గదిలో ఉన్న టేబుల్ ఫ్యాన్ దాని మొహాన పెడదామని పరుగెత్తుకొచ్చి తాళం తీశాను, పనవగానే అటునుంచి అటే ఇంటికి పోదామని బ్యాగు కూడా భుజానేసుకుని, అలవాటు కొద్దీ తాళంచెవిని లోపలి మేకుకు తగిలించాను, నా వెనక తలుపు దానంతటది మూసుకుంది. తాళం రంధ్రం బయటి వైపే ఉంది. లోపలి వైపు కార్డు పెట్టె ఒక్కటే, కార్డు ఆనిస్తే ఎర్ర దీపం, మళ్లీ ఆనిస్తే మళ్లీ ఎర్ర దీపం. తలుపు కింద నుంచి చెవి అవతలికి తోద్దామంటే దుమ్ము రాకుండా చుట్టూ రబ్బరు, ఆ రబ్బరు కోసం నాలుగు ఉత్తరాలు రాసి మరీ వేయించింది కూడా నేనే. రెండో చెవి మా పైఅధికారి జేబులో ఉంది, ఆయన ఊళ్లో లేడు. ఈ ఆస్పత్రి మొత్తంలో ఇప్పుడు తాళంచెవి దగ్గరుండీ బయటికి రాలేనిది నేనొక్కదాన్నే.

"ఒకటీ ముప్ఫై అమ్మా," అంటున్నాడు గడియారం, తలుపులో పగలకుండా ఇనప వల పోసిన పలకంత అద్దానికి ముక్కు ఆనించి. గడియారం అంటే కాపలా మనిషి, అడిగినా అడక్కపోయినా అందరికీ టైము చెబుతుంటాడని ఎవరో పెట్టిన పేరు, అరవై దాటినా ఆ పేరుకు పలుకుతాడు, అసలు పేరు జీతాల కాగితంలో తప్ప ఎక్కడా లేదు. తలుపు పగలగొట్టమంటారా అని ఇందాక అడిగాడు, ఇనప తలుపయ్యా, నీ భుజం విరుగుతుంది అన్నాను. నా తల పైనున్న పచ్చ పెట్టె వైపు వేలు చూపించాడు. అది నాకూ కనబడుతూనే ఉంది, వచ్చినప్పటి నుంచీ అదే కనబడుతోంది, అద్దం పగలగొట్టి లోపలి మీట లాగితే తలుపు తెరుచుకుంటుంది, ఇదొక్కటే కాదు, ఆస్పత్రిలో ఉన్న ప్రతి తలుపూ తెరుచుకుంటుంది, నిప్పు అంటుకుంటే జనం బయటపడాలని ఆ ఏర్పాటు. మూడో అంతస్తులో దారి మరిచిపోయే పెద్దవాళ్లుంటారు. పోయినేడు ఒక పూట తలుపులు అలాగే తెరుచుకుంటే ఒకప్పటి లెక్కల మాస్టారు చెప్పుల్లేకుండా నడుచుకుంటూ పెద్ద రోడ్డు మీదికి వెళ్లారు, లారీ వాడికి బ్రేకు వెయ్యడానికి కూడా టైము దొరకలేదు. ఆయన కూతురు ఇదిగో ఈ వరండాలోనే నేలమీద కూర్చుని, తలుపు ఎందుకు తెరిచారు అని ఒకటే మాట అడిగింది, అరవలేదు, ఏడవలేదు, వచ్చిన ప్రతి ఒక్కర్నీ అదే అడిగింది. నన్నూ అడిగింది. నేను పచ్చ పెట్టె ముట్టుకోను.

పని మధ్యలో రద్దు చెయ్యొచ్చు కదా, చెయ్యొచ్చు, ఒక్క మీట, తలుపుల ప్రోగ్రామ్ మళ్లీ హుషారుగా నడుస్తుంది, కార్డుకు పచ్చ దీపం వెలుగుతుంది, నేను ఇంటికి పరుగెత్తొచ్చు. కానీ ముసలిదాని వేడి ఎనభై ఎనిమిది, తొంభై అయిదుకు అది దానంతటది ఆరిపోతుంది, రద్దు చేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడితే సగంలో చస్తుంది, చచ్చి పది సెకన్లు పలక్కపోతే తలుపులన్నీ తెరుచుకుంటాయి, మళ్లీ అదే మూడో అంతస్తు, అదే రోడ్డు. ఎటు తిరిగినా ఆ మాస్టారి కూతురే ఎదురొస్తోంది. గోడకున్న ఫోను ఎత్తి ఇంటికి చేశాను, సెల్లు నా బల్ల మీద చార్జింగులో ఉంది మరి, పిచ్చుక వాళ్ల నాన్న ఎత్తాడు, ఇరుక్కుపోయానని చెప్పాను, ఎక్కడ అన్నాడు, నా గదిలోనే అన్నాను, ఒక్క క్షణం ఆగి నవ్వు ఆపుకున్నట్టు గొంతు సవరించుకున్నాడు, నవ్వితే నవ్వాడు, పదేళ్లు కాపురం చేసిన మనిషికి ఆ మాత్రం హక్కుంటుంది. కొంచెం ఆగి బయల్దేరండి అన్నాను. రైలు నా కోసం ఆగదు కదా అన్నాడు, కోపంగా కాదు, మామూలుగా. దానికి ఫోనివ్వు అంటే స్నానం చేస్తోందన్నాడు. ఏడింటికే స్నానం చేసింది, నీళ్ల చప్పుడు నేను విన్నాను, జుట్టు తుడుచుకుంటుండగానే కదా గొడవ మొదలైంది. అబద్ధమాడటం అతనికి ఎప్పుడూ రాదు, పక్కనే నిలబడి వద్దు వద్దని చెయ్యి ఊపుతున్న పిల్ల నాకు తీగలోంచి కనబడింది.

ముప్ఫై తొమ్మిది వేల రెండు వందలు. నలభై వేల ఎనిమిది వందలు. తలుపు దాకా వెళ్లి, స్క్రీను దాకా వచ్చి, మళ్లీ తలుపు దాకా, పన్నెండు అడుగులు అటు, పన్నెండు అడుగులు ఇటు, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను, మధ్యలో టేబుల్ ఫ్యాన్ తల అటూ ఇటూ తిప్పుతూ నన్నే చూస్తున్నట్టుంది. నడుస్తున్న మెషిన్‌ను నడుస్తుండగానే ఇంకోచోటికి మార్చడం నాకు కొత్తా, వందసార్లు చేశాను, పిల్లలకు చెప్పినట్టు బొమ్మలు గీసి మీటింగుల్లో చెప్పాను, దాని జ్ఞాపకం అంతా పేజీలు పేజీలుగా ఉంటుందండీ, నలభై లక్షల పేజీలు, ఒక్కొక్కటే అవతలికి కాపీ చేస్తాం, కానీ మనం కాపీ చేస్తున్నంతసేపూ అది ఊరికే కూర్చోదు, బతికున్నది కదా, కాపీ అయిపోయిన పేజీ మీద మళ్లీ ఏదో రాసుకుంటుంది, కాబట్టి మొదటి విడత అన్నీ, రెండో విడత మారినవి మాత్రమే, మూడో విడత ఈ లోపల మళ్లీ మారినవి మాత్రమే, అలా విడత విడతకూ తగ్గుతూ తగ్గుతూ ఏ రెండు వేలో మిగిలాక రెప్పపాటు ఆపి, ఆ కాసినీ పంపి, అక్కడ లేపేస్తాం, తను ఇల్లు మారినట్టు దానికే తెలియదు. తగ్గకపోతే ఏం చేస్తారు మేడమ్ అని ఒకాయన అడిగాడు. తగ్గకపోతే దాని నడక నెమ్మది చేస్తామండీ అన్నాను పెద్ద పోజుగా. అదే ఇప్పుడు జరుగుతోంది, నడక ఎంత నెమ్మదించిందంటే కార్డుకు రెండు సెకన్లలో చెప్పాల్సిన జవాబు ఆరు సెకన్లకు చెబుతోంది, అప్పటికి తలుపు వద్దు పొమ్మని ఎర్ర దీపం చూపించేస్తుంది, ఇంత నెమ్మది చేసినా అంకె తగ్గట్లేదు.

ఏ పేజీ మారిందో ఎలా తెలుస్తుందండీ అన్నది అసలు ప్రశ్న. పాత పద్ధతిలో ప్రతి పేజీకీ ఒక కాపలా పెట్టేవాళ్లం, ఎవరైనా రాయబోతే ఆగు అని ఆపడం, నువ్వెవరు, ఎక్కడ రాస్తున్నావు, నమోదు చేసుకోవడం, సరే పో అని వదలడం, అడుగడుక్కీ అంతే, ఏదీ తప్పిపోదు గానీ బతుకు ముందుకు సాగదు. మా అమ్మ అచ్చంగా అదే. గడప దాటబోతే ఎక్కడికి, చెప్పులేసుకుంటే ఎవరితో, తిరిగొస్తే ఎందుకింత ఆలస్యం, నవ్వితే ఎందుకు నవ్వావు. నేను కన్నపిల్లను ఇలా చంపుకు తినను అని పదిహేనేళ్లప్పుడు ఒట్టేసుకున్నాను. ఇప్పటి ప్రాసెసర్, ఈ ముసలిదానిలోది కూడా, అలా చెయ్యదు, ఎవర్నీ ఆపదు, ఏ పేజీ మీద రాత పడితే దాని నెంబరు ఒక చిన్న చిట్టాలో దానంతటదే రాసిపెట్టుకుంటుంది, అయిదు వందల పన్నెండు లైన్ల చిట్టా, నిండాక ఒక్కసారి తట్టి పిలుస్తుంది, అంతే, ఏం రాశావు, ఎందుకు రాశావు అని అడగదు. ఎంత మర్యాద అండీ దానికి అన్నాను ఆ మీటింగులో, అందరూ నవ్వారు. ఆ రోజు ఇంటికెళ్లి గుమ్మంలోనే పిచ్చుకను నిలబెట్టి, మీ నాన్న దగ్గరికి ఎవరెవరు వచ్చారు, ఏం తిన్నావు, మోచేతి మీద ఆ గీత ఏంటి, ఈ రిబ్బను ఎవరు కొన్నారు అని అడిగాను. దాని ఫోన్లో అది ఎక్కడుందో చూపించే ప్రోగ్రామ్ కూడా పెట్టాను, దాన్ని అడిగే పెట్టాను, అడిగానంటే చెప్పాను. అమ్మా, నేను లోపలికి రావచ్చా అంది ఆ రోజు, బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి. అప్పుడు నాకు ఆ మాట వినపడలేదు. ఇప్పుడెందుకు వినపడుతోందో.

"ఒకటీ ముప్ఫై ఎనిమిది అమ్మా." తెలుసయ్యా, తెలుసు.

బ్యాగులో దాని నోటుబుక్కు ఉంది. ఇంత గొడవకూ అదే మూలం. పెట్టె సర్దుతోంది కదా, చొక్కాలు మడతలు సరిగ్గా లేవని నేను మొత్తం తీసి మళ్లీ పెట్టబోయాను, అడుగున ఈ నోటుబుక్కు, నిలువునా సగానికి వెనక్కి మడిచిపెట్టి, తేదీల వారీగా దాని కోడిగీతల రాత. కొత్త తాళం. అమ్మ కళ్లజోడు మారింది. ఫ్రిజ్ మీద ఫోటో లేదు. అమ్మ వంటింట్లో ఏడ్చింది. పక్కింటి ఆంటీతో మాటల్లేవు. చదువుతుంటే నాకు ఒళ్లంతా కారం రాసినట్టయింది, నా ఇంట్లో, నా వెనక, నా ఏడుపు కూడా తేదీ వేసి రాసిందా. మీ నాన్నకి రిపోర్టులు రాస్తున్నావా అన్నాను. అది ఏదో చెప్పబోయింది, నన్ను చెప్పనిస్తేగా. "ఇన్నాళ్లూ నా ఇంట్లో దొంగలా ఉన్నావన్నమాట," అన్నాను, నోరు జారి కాదు, కావాలనే, తగలాలనే అన్నాను. తగిలింది. దాని పెదవులు తెల్లగా అయిపోయాయి. అది నాది, ఇచ్చెయ్ అని చెయ్యి చాపింది, ఇవ్వను అని బ్యాగులో కుక్కుకుని వచ్చేశాను, నలభై ఏళ్లదాన్ని, పిల్ల పుస్తకం లాక్కుని. ఛీ, నా బతుక్కి.

ఫ్యాన్ గాలి ముసలిదాని మీద ఒక్క క్షణం పడి పక్కకు పోతోంది, దిక్కులు చూసే ఫ్యాన్, దీనితో దానికేం చల్లబడుతుంది, వేడి తొంభై, వెనకున్న బుడిపె నొక్కి దాని తల కదలకుండా ఒకే వైపు బిగించాను. తిరిగి స్క్రీను చూస్తే ఇరవై ఎనిమిది వేలు. ఎక్కడి నలభై, ఎక్కడి ఇరవై ఎనిమిది. నేను చేసిందల్లా ఫ్యాను తల ఆపడం, ఫ్యానుకూ తలుపుల ప్రోగ్రామ్ జ్ఞాపకానికీ సంబంధమేంటి, ఇది మరీ విడ్డూరం, ప్రాసెసర్ చిట్టా తెరిచి చూశాను, మారిన పేజీల నెంబర్లన్నీ ఒకే వీధిలోని ఇళ్లలా పక్కపక్కనే ఉన్నాయి, విడత విడతకూ అవే, ఎవరు రాస్తున్నారో అది చెప్పదు, ఎక్కడ పడుతోందో మాత్రం చెబుతుంది, ఆ వీధి ఎవరిదో నాకు తెలుసు. కెమెరాలది. ఏదైనా కదిలితే బొమ్మలు పట్టి జ్ఞాపకంలో రాసుకునేవి, ఏదీ కదలకపోతే ఊరుకునేవి. వరండాలు ఖాళీ, రోగులు నిద్రలో, ఈ గంటలో ఆస్పత్రిలో కదులుతున్నది ఏమిటంటే ఈ గదిలో ఒక ఫ్యాను తల, ఈ గదిలో ఒక ఆడమనిషి.

నేనే. అటు పన్నెండు అడుగులు, ఇటు పన్నెండు అడుగులు, నేను వేసే ప్రతి అడుగూ పేజీల మీద పడుతోంది, బయటికి పోవాలని ఎంత తిరిగితే అంతగా తలుపు బిగుసుకుంటోంది. తలెత్తి చూశాను, నాలుగు మూలల నాలుగు కెమెరాలు, ఇంత గదికి నాలుగెందుకమ్మా అని అప్పుడు గడియారం కూడా నవ్వాడు, రెండు చిన్న సామాన్లు కనబడకుండా పోయాయని పట్టుబట్టి పెట్టించాను. మెషిన్ల మీద మిణుకుమిణుకుమనే దీపాల్ని పట్టించుకోవద్దు, మనిషిని మాత్రం వదలొద్దు అని వాటికి నేర్పింది నేను. దీపం ఆర్పేద్దామా, చీకట్లోనూ కనిపెడతాయి, అలాంటివే కావాలన్నాను. తీగ లాగేద్దామా, దొంగ లాగకుండా గోడలోంచి వేయించాను. గుడ్డ కప్పుదామా, కప్పితే ఆస్పత్రంతా సైరన్ మోగేలా పెట్టాను, అదీగాక నిచ్చెన లేదు. ప్రోగ్రామ్‌లోకి వెళ్లి ఆపేద్దామా, వెళ్లడానికి కార్డు పెట్టాలి. బుద్ధి గడ్డి తిని ఒక్క సందు కూడా వదల్లేదు చూడండి, ఎంత జాగ్రత్తపరురాలినో. ఇక మిగిలింది ఒకటే, కదలకుండా కూర్చోవడం.

అద్దం దగ్గరికెళ్లి గడియారానికి గట్టిగా అరిచి చెప్పాను, వరండా కెమెరా ముందు నువ్వు కూడా కదలకు, ఎవరొచ్చినా కదలనివ్వకు, కదిలితే నేను బయటికి రాలేను అని. ఎందుకని అడగలేదు మహానుభావుడు, రెండు చేతులూ పక్కలకు అతికించుకుని రాయిలా నిలబడిపోయాడు. నేను స్టూలు లాక్కుని స్క్రీనుకు ఎదురుగా, తలుపుకు వీపు పెట్టి కూర్చున్నాను, చేతులు ఊరికే ఉండవని నాకు తెలుసు కాబట్టి నోటుబుక్కు తీసి ఒళ్లో తెరిచిపెట్టాను, వెనక్కి మడిచిన మడత విప్పి, పూర్తిగా. ఇక పేజీ తిప్పడానికి లేదు. ఒకటీ నలభై నాలుగు.

ఇరవై ఒక్క వేలు. ముక్కు దురద. ఎప్పుడూ లేనిది ఇప్పుడే దురద. పంతొమ్మిది వేలు. ఊపిరి కూడా మెల్లగా, భుజాలు లేవకుండా, చిన్నప్పుడు మా అమ్మ పిలిస్తే నిద్రపోతున్నట్టు నటించేదాన్నే అలా, రెప్పల వెనక నుంచి ఆవిడ అడుగులు వింటూ, అడక్కుండా దుప్పటి కప్పి వెళ్లిపోతే ఎంత హాయిగా ఉండేదో, అలా ఎన్నిసార్లు వెళ్లిందో కూడా నాకు గుర్తే, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కళ్లు మాత్రం కదపొచ్చు, ఏ కెమెరాకూ అంత చూపు లేదు. తెరిచిన పేజీ మధ్యలో ఒక నిలువు గీత ఉంది. పొద్దున మడతలో పడి కనబడలేదు. గీతకు ఈవలి వైపు ఇక్కడ అని, ఆవలి వైపు అక్కడ అని రాసి ఉంది. నేను చదివింది ఇక్కడ ఒక్కటే. అక్కడ కింద, నాన్న గడ్డం తీసేశాడు. మంచం కిటికీ వైపు జరిపారు. నా కప్పు పగిలింది, చెప్పలేదు. మెట్ల మీద బల్బు మారింది. నాన్న రాత్రి లైటు వేసుకునే పడుకుంటున్నాడు.

పద్నాలుగు వేలు. గడ్డం తీసేశాడని నాకు రిపోర్టు రాసిందా, మరి నాకెప్పుడూ చెప్పలేదే. ఎవరికీ రాయలేదు. ఈ పిల్ల పదిహేను రోజులకోసారి ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి బతికుండగానే మారుతోంది, నాలుగేళ్లుగా, ఇది అక్కడున్న పదిహేను రోజులూ ఇక్కడ ఇల్లు ఊరికే ఉండదు, నేను తాళం మారుస్తాను, ఫోటో తీసేస్తాను, ఇది ఇక్కడుంటే అక్కడ మంచం జరుగుతుంది, వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి దానికి తెలియకుండా మారిపోయి ఉంటుంది, చీకట్లో లేచి నీళ్ల కోసం వెళ్తే కొత్తగా పెట్టిన బల్ల మోకాలికి తగులుతుంది, తగిలింది కూడా, దెబ్బ ఎక్కడిదని నేను అరగంట ఆరా తీశాను. అందుకని మారినవి మాత్రమే రాసుకుంది. ఉన్నవి రాయనక్కర్లేదు, అవి దాని దగ్గర ఉన్నాయి. రెండిళ్లనూ తన బుర్రలో సరిగ్గా నిలుపుకోవడానికి ఇంత పిల్ల ఎవరూ నేర్పకుండా కనిపెట్టుకున్న పద్ధతి, ఎందుకని రాయలేదు, ఎవరి తప్పని రాయలేదు, అమ్మ వంటింట్లో ఏడ్చింది అని ఒక్క ముక్క, అంతే. దాన్ని నేను దొంగ అన్నాను. కన్నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి లేదు, గడ్డం దాకా వచ్చి మెడ మీదికి జారుతున్నాయి, కారనీ.

పేజీ అడుగున చివరి తేదీ, నిన్నటిది. ఇక్కడ కింద ఒకటే లైను. అమ్మ నా కోసం సగం రోజు సెలవు పెట్టింది, మిగతావన్నీ అలాగే.

ఆ సెలవు రద్దు చేసుకుని వచ్చాను పొద్దున. ఫ్యాను చచ్చింది, నేను లేకపోతే కుదరదు అని నాకు నేనే చెప్పుకుని. ఇంకో ఇంజినీరుకు అప్పగిస్తే చేసేవాడు, చక్కగా చేసేవాడు, తాళంచెవి మేకుకు తగిలించేవాడు కాదు.

ఎనిమిది వేలు. వేడి తొంభై ఒకటి. ఒకటీ యాభై. కాలు తిమ్మిరెక్కి అది నాది కానట్టు ఉంది. ఆరు వేల నాలుగు వందలు, అయిదు వేలు, దిగు తల్లీ, దిగు, అప్పుడు గోడ మీద ఫోను మోగింది. గుండె ఝల్లుమంది, గుండె కెమెరాకు కనబడదు కాబట్టి సరిపోయింది. నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. ఇంటి నుంచే అయ్యుంటుంది, పిచ్చుకే అయ్యుంటుంది, బయల్దేరే ముందు ఒక్కసారి మాట్లాడదామని, నాన్న చేతిలోంచి తీసుకుని తనే చేస్తూ ఉంటుంది, లేచి ఎత్తితే నాలుగడుగులు, మళ్లీ ముప్ఫై వేలు, మళ్లీ మొదటి నుంచి, ముసలిదానికి అంత టైము లేదు, ఎత్తకపోతే అమ్మ కావాలనే ఎత్తలేదనుకుంటుంది, పొద్దున తలుపు వేసి పోయిన మనిషి ఫోనెందుకు ఎత్తుతుందనుకుంటుంది. ఎత్తితే గొంతైనా దక్కుతుంది, ఎత్తకపోతే మొహం దక్కుతుందేమో, దక్కదేమో. మోగుతోంది. పదకొండు, పన్నెండు. ఒళ్లో చేతులు వాటంతటవే లేవబోతే నోటుబుక్కును గట్టిగా పట్టుకున్నాను. పదమూడు. ఆగిపోయింది. ఆగిపోయాక వచ్చిన నిశ్శబ్దంలో కొత్త మెషిన్ హోరు ఒక్కటే, ఎత్తితే బాగుండేది, ఎత్తాల్సింది, నాకు జీవితంలో ఏదీ సరైన టైముకు తెలియదు.

మూడు వేల మూడు వందలు. మూడు వేల నూరు. అంతలో తొమ్మిది వేలు. ఎవరు, నేను కాదు, నేను ఊపిరి కూడా తీయట్లేదు, అంటే వరండాలో ఎవరో, గడియారమే అయ్యుంటాడు, కాలు మార్చుకున్నాడో దగ్గాడో, నీ గడియారం ఆగిపోనూ, ఒక్క అయిదు నిమిషాలు నిలబడలేవా, వెనక్కి తిరిగి అరవబోయి నాలిక కరుచుకున్నాను. పది వేలు. ఇక అయిపోయింది, ఈ గదిలోనే, ఈ స్టూలు మీదే, రైలు వెళ్లిపోతుంది, నేను ఈ గీతకు ఈవలి వైపే ఉండిపోతాను. ఏడు వేలు. మెల్లగా మళ్లీ దిగుతోంది, అయిదు వేల రెండు వందలు, వేడి తొంభై మూడు, నాలుగు వేలు, ఎవరో గానీ ఇప్పుడు బుద్ధిగా ఉన్నారు, రెండు వేల ఎనిమిది వందలు, రెండు వేల రెండు వందలు, రెండు వేల యాభై. స్క్రీను ఒక్కసారి ఖాళీ అయింది. సెకనులో పదో వంతు కూడా కాదు, ఆ కాస్తసేపూ ఆస్పత్రిలో ఏ తలుపుకూ దిక్కు లేదు, ఏ కెమెరాకూ చూపు లేదు, ఆ తర్వాత కొత్త మెషిన్ మీద పచ్చ దీపం, పని పూర్తయింది అని ఒక లైను. లేవబోతే తిమ్మిరి కాలు మడతపడి మోకాళ్ల మీద పడ్డాను, అలాగే పాక్కుంటూ వెళ్లి కార్డు ఆనించాను. టక్‌మంది. ఇంత చిన్న చప్పుడా.

వరండాలో గడియారం రాయిలా నిలబడి ఉన్నాడు. అతని పక్కన పిచ్చుక. ఒక కాలు ముందుకేసి, మడమ గాల్లో ఉండగానే ఆగిపోయి, ఒక చెయ్యి భుజాన సంచీ పట్టీ మీద, బుగ్గల నిండా ఊపిరి బిగబట్టి, కళ్లు మాత్రం ఇంతింత చేసుకుని నన్నే చూస్తోంది. దాని వెనక వాళ్ల నాన్న, పెట్టె చేత్తో ఎత్తి కింద పెట్టకుండా అలాగే. పెద్దాయన వీళ్లిద్దర్నీ కూడా శిలల్ని చేసేశాడు.

"అమ్మా," అంది పెదవులు కదలకుండా. "ఇక కదలొచ్చా?"

కదలొచ్చు అన్నాను. అది మడమ కింద పెట్టి బుస్సుమని ఊపిరి వదిలింది. రెండూ మూడు అమ్మా అన్నాడు గడియారం. స్టేషనుకు పది నిమిషాలు చాలు. కింద నుంచి ఫోన్ చేశాను, ఎందుకు తీయలేదు అంది పిచ్చుక, తీస్తే తలుపు తెరుచుకునేది కాదే అన్నాను, అది తలుపు వైపూ నా తడిసిన మెడ వైపూ చూసి సరేనన్నట్టు తలూపింది. దాని బొటనవేలికి ప్లాస్టర్ ఉంది, పొద్దున లేదు. ఎలా తగిలింది, ఎప్పుడు, ఏం కోసుకున్నావు, ఇక్కడికి రావాలని ఎవరన్నారు, నువ్వా, నాన్నా, అన్నం తిన్నావా, అన్నీ ఒకేసారి నోటిదాకా వచ్చాయి. నోటుబుక్కు దాని చేతిలో పెట్టాను.

"పొద్దున నేనన్నది తప్పు. నువ్వు దొంగవి కాదు," అన్నాను.

అది మడత విప్పి ఉన్న పేజీని ఒకసారి చూసుకుంది, జేబులోంచి పెన్సిలు తీసింది, పుస్తకాన్ని గోడకు ఆనించి ఇక్కడ వైపున ఒక్క లైను రాసింది. నేను దాని సంచీ పట్టీ పట్టుకుని నిలబడ్డాను. ఏం రాశావని అడగలేదు.